ముంజేతి కంకణపు జోస్యము

నోరు దాచినను దేహము దాచదనియు, ముఖము మోసగింపవచ్చునుగాని నాడి మోసగింపనేరదనియు, కావున మాటలు రాని పిల్లవాని మనస్సు నెఱుగవలెనన్న వాని మణికట్టున నొక యంత్రమును కట్టి, గుండె వేగమును, చర్మముమీది చెమ్మను, ఒంటి వేడిమిని క్షణక్షణము లెక్కించి చూచిన చాలుననియు ఒక అభిప్రాయము నేడు వైద్యుల గదులనుండి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులదాక వ్యాపించియున్నది. థెరపీ సెంటర్లవారు దానిని కరపత్రములందు అచ్చువేయుచున్నారు. ఇంజినీరింగు కళాశాలల విద్యార్థులు దానినే ప్రాజెక్టుగ చేసి ప్రదర్శించుచున్నారు. అమెరికానుండి సెలవులకు వచ్చు మేనమామలు సూట్‌కేసులో చాక్లెట్లతోపాటు ఆ గడియారమును కూడ తెచ్చుచున్నారు. ఆటిజము గల బాలల విషయమున ఈ మాట ఎంత తఱచుగ వినబడుచున్నదనగా, దానిని ప్రశ్నించువానికి పిల్లలమీద దయ లేదని జనులు అనుమానించు స్థితి యేర్పడినది. ఆ అనుమానమునకు సిద్ధపడియే వ్రాయుచున్నాను.

పూర్వపక్షమును బలహీనముగ చెప్పి గెలుచుట సులభము. అట్టి గెలుపు నాకు వలదు. ఆటిజము గల బాలలలో కొందఱు మాటలాడరు. మాటలాడువారిలోను పలువురకు 'నీకెట్లున్నది?' అనునదియే అన్నిటికంటె కఠినమైన ప్రశ్న. తన లోపలి భావమును గుర్తించి దానికి పేరు పెట్టలేని స్థితిని మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు అలెక్సితైమియా అందురు. సామాన్యజనులలో ఇంచుమించు ఇరువదింట ఒకరికి ఉండు ఈ స్థితి ఆటిజము గలవారిలో సుమారు సగముమందికి కలదని అనేకాధ్యయనములను కలిపి చూచినవారు తేల్చియున్నారు. పైకి బొమ్మవలె కదలక కూర్చున్న బాలుని గుండె లోపల పరుగులు తీయుచుండుట కద్దు. టీచరు చూచి 'ఇవాళ బుద్ధిగా ఉన్నాడు' అని సంతోషించుచుండగా, పదినిమిషములకు వాడు తలను గోడకు కొట్టుకొనును. ఆ పదినిమిషముల ముందు ఎవరైన హెచ్చరించియున్నచో ఆ తల పగులకుండెడిదని తల్లి యనుకొనుటలో తప్పేమున్నది? లోపలి కల్లోలము ముఖమున కనబడకపోవచ్చునన్నమాట పరమసత్యము. ఈ పిల్లలకు ఉద్వేగములే లేవను పాత మూర్ఖత్వమును ఆ మాట వమ్ముచేసినది. అందులకు నేనును కృతజ్ఞుడను. అయితే ఆ సత్యమునుండి గడియారమువారు చేసిన అనుమితి వేఱు. కల్లోలము కలదని చెప్పుటతో ఆగక, అది ఏ కల్లోలమో కూడ గడియారము చెప్పుననుచున్నారు. నా వివాదమంతయు ఈ రెండవ వాక్యముతో.

1. మూత ఎగిరినది, ఉడుకుచున్నదేమి?

ఈ యంత్రములు కొలుచునదేమో మొదట చూతము. సహానుభూత నాడీ వ్యవస్థ మేల్కొన్నపుడు చర్మమునందలి స్వేదగ్రంథులు కంటికి కనబడనంత సన్నముగ చెమర్చును. ఆ చెమ్మవలన చర్మము విద్యుత్తును పూర్వముకంటె కొంచెము సులువుగ ప్రసరింపనిచ్చును. ప్రేరణ కలిగిన ఒకటి మొదలు మూడు సెకనులలో గ్రాఫుమీద నొక గుట్ట లేచును. ఫ్రాన్సు దేశమున షార్ల్ ఫెరే 1888లోనే దీనిని గూర్చి వ్రాసెను, కనుక ఇది నిన్న మొన్నటి విజ్ఞానము కాదు. ఇక గుండె వేగమునకు, గడియారము అడుగున వెలుగు పచ్చని దీపము సాధనము: చర్మము క్రింద రక్తము పొంగినపుడు ఆ కాంతి ఎక్కువగ ఇంకును, తగ్గినపుడు తక్కువగ ఇంకును, ఆ హెచ్చుతగ్గులను లెక్కింతురు. ఈ రెండు గుర్తులును కలిసి చెప్పగలిగినది, దేహము దేనికో సన్నద్ధమగుచున్నదని మాత్రమే. (సహానుభూతమను పేరు ఆ నాడులకెట్లు అబ్బినదోగాని, మన సుఖదుఃఖముల భేదముతో వానికి పని స్వల్పము, గుమ్మములోనికి పులి వచ్చినను పెండ్లికొడుకు వచ్చినను అవి చేయు హడావిడి ఇంచుమించు ఒక్కటే.) గిన్నెమీది మూత ఎగిరెగిరి పడుచున్నంతమాత్రమున లోపల ఉడుకునది పప్పో పాయసమో వీధిలోనున్నవాడు చెప్పజాలడు.

1884లో విలియం జేమ్స్ అను అమెరికా తత్త్వవేత్తయు, మఱుసటియేట డెన్మార్కు వైద్యుడు లాంగెయు, దేహమునందు కలిగిన మార్పు మనకు తెలియుటయే ఉద్వేగమని వాదించిరి. నేటి గడియారముల వ్యాపారమంతయు, ఎఱిగియో ఎఱుగకయో, ఆ వాదమునే మూలధనముగ పెట్టుకొన్నది. దానికి 1927లో వాల్టర్ కానన్ సమాధానము చెప్పియున్నాడు: భయమునను క్రోధమునను దేహాంతరమున కలుగు మార్పులు ఒక్కతీరువే, అంతేకాదు, జ్వరము వచ్చినను చలి తగిలినను అవియే కలుగును, కావున వానినిబట్టి ఉద్వేగములను వేఱుపఱుప వీలులేదు. ఆ తరువాత తొంబదియేండ్లకు, ప్రయోగశాలలలో జరిగిన సుమారు 200 అధ్యయనములను ఒక్కచోట చేర్చి పరిశీలించినవారు 2018లో ప్రకటించిన ఫలితము కూడ అట్టిదే. భయమునకు గాని, కోపమునకు గాని, దుఃఖమునకు గాని తనదే యని చెప్పదగిన ముద్ర యేదియు నాడులయందు స్థిరముగ కనబడలేదు. ఆ ప్రయోగములలో పాల్గొన్నవారు నోరుగల పెద్దలు, ఆరోగ్యవంతులు, 'నాకు భయమైనది' అని తామే చెప్పగలవారు. వారివిషయముననే నిలువని విద్య, మాటలేని బాలుని విషయమున నిలుచునని నమ్ముటకు ఆధారమేది?

పాశ్చాత్యుల సాక్ష్యము చాలదనువారికి భరతముని సాక్ష్యము కలదు. స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము అని నాట్యశాస్త్రము ఎనిమిది సాత్త్వికభావములను పరిగణించినది. ఇవి యన్నియు దేహము తనంత తాను వెలిపుచ్చు గుర్తులే, అనగా నేటి సెన్సార్లు వెదకుచున్న సరకే. అందు స్వేదమునకు కారణములను చెప్పునపుడు ముని క్రోధమును, భయమును, హర్షమును, లజ్జను, దుఃఖమును, శ్రమను, రోగమును, తాపమును, ఇంకను కొన్నిటిని వరుసగ లెక్కపెట్టెను. ఒక్క చెమటకు ఇన్ని కారణములు! అందువలననే మన ఆలంకారికులు సాత్త్వికభావము నొక్కదానిని పట్టుకొని రసమును నిర్ణయింపబూనలేదు. విభావము కావలెననిరి, అనుభావము కావలెననిరి, సంచారిభావములు కూడవలెననిరి. రంగస్థలముమీద నటుని నుదుట చెమట పట్టినచో, ఎదుట ఎవరున్నారు, అంతకుముందేమి జరిగినది, వాడెట్లు నిలుచున్నాడు అని చూడక తీర్పు చెప్పు ప్రేక్షకుడు ఏ ఊరి నాటకశాలలోను లేడు. అట్టి ప్రేక్షకుని ఒకనిని సిలికాను పట్టీతో చేసి పిల్లల చేతులకు కట్టుచున్నాము.

2. సాక్షి ఎవరు?

యంత్రమునకు పుట్టుకతో ఏ ఉద్వేగమును తెలియదు. వేలకొలది గ్రాఫు ముక్కలను దానిముందుంచి, ఇది భయము, ఇది కోపము, ఇది నెమ్మది అని ఒకరు చెప్పవలెను. ఆ పేర్లను అది బట్టీపట్టి, క్రొత్త గ్రాఫు వచ్చినపుడు పాతవానిలో దేనిని పోలియున్నదో చూచి ఆ పేరు పలుకును. ఇందు రహస్యమేమియు లేదు. చూడవలసినదెల్లను, మొదట ఆ పేర్లు పెట్టినవారెవరని. పిల్లవానినే అడిగి వ్రాసికొన్నారందురా, వాడు చెప్పలేడనుటచేతనే కదా యంత్రమును తెచ్చితిరి. తల్లినో థెరపిస్టునో కూర్చుండబెట్టి వీడియో చూపి గుర్తులు పెట్టించితిమందురా, వారికి వాని ముఖము బోధపడదనుటచేతనే కదా యంత్రము కావలసివచ్చినది. ఏడిపించు సినిమా దృశ్యమును చూపి, ఆ సమయమున వచ్చిన గీతకు దుఃఖమని పేరు పెట్టితిమందురా, ఆ దృశ్యము దుఃఖకరమన్నది దానిని ఎంచినవాని నమ్మకము. కథానాయకుని వీడ్కోలు ఘట్టమున వెనుక కదలు రైలు చక్రములను చూచి పరవశించు బాలునికి ఆ నమ్మకముతో నిమిత్తము లేదు. మన తార్కికులు దీనిని అన్యోన్యాశ్రయ దోషమందురు. మనుష్యుల కన్ను నమ్మదగదని యంత్రమును తెచ్చి, ఆ యంత్రము సరియైనదని నిరూపించుటకు మరల ఆ మనుష్యుల కన్నునే సాక్షిగ పిలుచుచున్నారు.

అలెక్సితైమియా వాదము కూడ ఇక్కడనే కూలును. తన భావమును తానే ఎఱుగనివానికి యంత్రము దానిని ఎఱిగించునందురు. పిల్లవాడును ఎఱుగడు, తల్లియును ఎఱుగదు, గురువును ఎఱుగడు. మఱి యంత్రము చెప్పినది ఒప్పో తప్పో తేల్చువాడెవడు? తప్పని తేలుటకు వీలే లేని మాటను జోస్యమనవచ్చును, కొలత యనరాదు.

ఇంకొక సంగతి. పిల్లవాని ముఖము మనకు బోధపడకపోవుటను వాని లోపముగ లెక్కించుటయే మనకు అలవాటు. డేమియన్ మిల్టన్ అను ఆంగ్ల పండితుడు, తాను కూడ ఆటిజము గలవాడు, 2012లో ఈ లెక్కను తలక్రిందులు చేసెను: ఇరువురు ఒకరినొకరు అర్థముచేసికొనలేకున్నపుడు ఆ లోపము ఇరువురిదియునని ఆయన వాదము. అందు సగభాగము మనదే యైనచో, కొలువవలసిన మణికట్టులలో మనవియు కలవు. మన చేతులకు మాత్రము ఎవరును కట్టుటలేదు.

పిల్లవాని గొంతు వినవలెనను ఆరాటములో తన గొంతునే విని మురిసిపోవుట పెద్దలకు క్రొత్తగాదు. 1990 తరువాతి మొదటి ఏండ్లలో అమెరికాలో ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్ అను పద్ధతి యొకటి దావానలమువలె వ్యాపించినది. మాటలేని బాలుని చేతిని సహాయకురాలు పట్టుకొని అక్షరముల పలకమీద నడిపించును. బాలుడు వాక్యములు వ్రాయును, కవిత్వము చెప్పును. తల్లిదండ్రులు కన్నీరు కార్చిరి. పిదప పరీక్షకులు బాలునికి ఒక బొమ్మను, సహాయకురాలికి వేఱొక బొమ్మను, ఒకరిది ఒకరికి తెలియకుండ చూపిరి. పలకమీద వ్రాయబడినది సహాయకురాలు చూచిన బొమ్మ పేరు. ఆ సహాయకులు వంచకులు కారు. తాము వ్రాయుచున్నామని వారికే తెలియదు. నాడు చేయి పట్టుకొని వ్రాయించిరి, నేడు చేతికి కట్టి వ్రాయించుచున్నారు. నాటి మోసమును ఒక్క మధ్యాహ్నపు పరీక్ష బయటపెట్టగలిగినది. నేటిది లెక్కల పొరలలో దాగియుండుటచేత అంత సులభముగ బయటపడదు.

3. తిరుగు ఫాను

గత వైశాఖమున విజయవాడలో మా మేనకోడలి ఇంట ఒక మధ్యాహ్నము గడపితిని. ఆమె కుమారునికి తొమ్మిదేండ్లు. మాటలు పది పండ్రెండుకు మించవు. చాపమీద వెల్లకిల పరుండి, పైన తిరుగు ఫాను ఱెక్కలను చూచుచు, వ్రేళ్లను కన్నులముందు ఆడించుకొనుచు, గొంతులో సన్నని రాగ మొకటి తీయుచుండెను. మణికట్టున గడియారము. తల్లి చేతిలోని ఫోనుమీద ఒక గీత పచ్చనుండి పసుపునకు, పసుపునుండి ఎఱుపునకు ఎక్కినది. దానిక్రింద ఒత్తిడి ఎక్కువయినదని అక్షరములు మెఱసినవి. ఆమె గబగబ లేచి స్విచ్చి కట్టివేసినది. ఱెక్కలు నెమ్మదించి, మూడును విడివిడిగ కనబడునంతవఱకు బాలుడు చూచెను. పిదప రాగము ఆగినది. పిదప ఏడ్పు, అరగంటసేపు. 

"చూశారా మామయ్యా, వీడు ఏడుస్తాడని ఇది ముందే చెప్పింది" అని ఆమె ఫోనును నావైపు త్రిప్పినది. నేను మాఱుపలుకలేదు. మూడేండ్లుగ ఆమె ఒక్క రాత్రియు నిండుగ నిద్రించి యెఱుగదు. అట్టివారితో తర్కించుట మర్యాద గాదు. ఆ తర్కము ఇక్కడ చేయుచున్నాను.

ఆ రాగమును విన్నవాడెవడును అది బాధ యనడు. బాలుడు ఆనందములో నుండెను. ఆనందమునకును గుండె వేగిరపడును, చర్మము చెమర్చును. యంత్రము గుర్తును చూచి దానికి పేరు తప్పుగ పెట్టినది. తల్లి ఆ పేరును నమ్మి ఆనందహేతువును తొలగించినది. తొలగించుటచేత బాధ పుట్టినది. ఆ బాధ యంత్రము మాటకు ఋజువైనది. రేపు ఆ కంపెనీవారు ఆమెను అడిగినచో, జోస్యము ఫలించినదని ఐదు నక్షత్రములు ఇచ్చును. ఆ రోజు జరిగినదానిలో నన్ను మిక్కిలి కలవరపెట్టినది, యంత్రము పొరబడుట గాదు. ఆమె గదిలోనే యుండెను, చెవులకు రాగము వినబడుచునే యుండెను; అయినను ఆమె కన్నులు ఫోనుమీద నుండెను. ముంజేతి కంకణమునకు అద్దమేల యన్నారు పెద్దలు. ఇక్కడ కంకణమే అద్దమై కూర్చుండి, ఎదుటనున్న బిడ్డను మఱుగుపఱచినది.

ఇది ఒక తల్లి అమాయకత్వమని కొట్టివేయువారికి, ఈ విద్యకు పేరు పెట్టిన పండితురాలి కథ చెప్పెదను. ఎం.ఐ.టి.లో ఆచార్యురాలైన రోజలిండ్ పికార్డ్, ఉద్వేగములను కంప్యూటరుచే చదివించు శాస్త్రముమీద 1997లో గ్రంథము ప్రకటించి ఆ శాస్త్రమునకే నామకరణము చేసినది. ఆమె విద్యార్థి యొకడు, ఆటిజము గలిగి మాటలాడని తన తమ్ముని ఒత్తిడి ఎట్టిదో తెలిసికొనుటకై సెలవులలో రెండు పట్టీలను ఇంటికి తీసికొనిపోయెను. వచ్చిన గ్రాఫులలో ఒక దినమున ఒక చేతి గీత ఆకాశమునకెగసియున్నది. రెండవ చేతిది కదలలేదు. పట్టీ చెడిపోయినదనుకొని ఆమె పలువిధముల పరీక్షించి, తుదకు విద్యార్థికి ఫోను చేసి, ఆ సమయమున ఏమి జరిగినదని అడిగినది. వాడు దినచర్య తీసి చూచెను. ఆ గుట్ట లేచిన కొలదిసేపటికి తమ్మునికి మూర్ఛ వచ్చియున్నది. ఒత్తిడిని వెదకబోయినవారికి మూర్ఛ దొరికినది! ఆమె నిజాయితీగల శాస్త్రజ్ఞురాలు. ఆ గుర్తును వెంబడించి మూర్ఛను పసిగట్టు పట్టీని నిర్మింపజేసినది, దానికి 2018లో అమెరికా ప్రభుత్వానుమతి కూడ లభించినది. ఆమె ఫోను చేసి అడిగినది, ఆ ఇంట దినచర్య వ్రాసిన మనుష్యుడొకడు ఉండెను. ఆ రెండును లేకున్నచో ఆ గీతకు 'తీవ్రమైన ఒత్తిడి' అను పేరే నిలిచియుండును.

4. పారవేసిన భాగము

ఇక పనితనము సంగతి. స్వేదగ్రంథులు దట్టముగ నుండునది అరచేతులయందు, అరికాళ్లయందు. గడియారము కూర్చుండునది, అవి పలుచగ నున్న మణికట్టుమీద. మే నెలలో రెంటచింతలలోనో రామగుండములోనో ఏ పిల్లవాని చేయి తడియారియుండును? ఆటిజము గల బాలలకు చిరాకు తగ్గుటకై ఇచ్చు రిస్పెరిడోన్, నిద్రకై ఇచ్చు క్లోనిడిన్ వంటి మందులు గుండె వేగమును మార్చును; మందు వేసిన పూటకును వేయని పూటకును గీత మాఱిన, అది మనస్సు మాఱుట యనుకొందురు. ఇవి యన్నియు చిల్లర దోషములనియు, రేపటి యంత్రము దిద్దుకొనుననియు ఒప్పుకొందును.

దిద్దుకొనలేని దోషమొకటి కలదు. చేయి కదలినచో పచ్చదీపపు లెక్క చెడును. అందుచేత ఇంజినీర్లు చేయి ఎక్కువగ కదలిన నిమిషములను చెత్తగ భావించి వడకట్టి పారవేయుదురు; మిగిలిన శుభ్రమైన గీతలమీదనే లెక్కలు కట్టుదురు. ఆటిజము గల బాలుడు సంతోషము పట్టలేనపుడు రెండు చేతులను ఱెక్కలవలె కొట్టుకొనును, భయమైనపుడు ముందువెనుకలకు ఊగును, విసుగుపుట్టిన మణికట్టును కొఱుకుకొనును. వాని భాష యంతయు ఆ కదలికలలోనే యున్నది. వాడు మాటలాడిన నిమిషములను పారవేసి, మౌనముగనున్న నిమిషములను చదివి, వాని మనస్సు చదివితిమనుచున్నారు.

5. నూటికి డెబ్బదియొకటి

ఇంతవఱకు వచ్చుసరికి ప్రతిపక్షులు తమ బ్రహ్మాస్త్రమును తీయుదురు: పిల్లలు ఎదుటివారిని కొట్టబోవుటను యంత్రము ఒక నిమిషము ముందుగ పసిగట్టినది కదా యని. నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయపు మాథ్యూ గుడ్విన్ బృందము 2019లో ప్రకటించిన ఆ అధ్యయనము గౌరవింపదగినదే. ఆస్పత్రిలో చేర్చబడిన 20 మంది ఆటిజము గల బాలలు, యువకులు అందు పాల్గొనిరి. అందఱకును కలిపి కట్టిన లెక్కకు 0.71, ఒక్కొక్కరికి వేఱువేఱుగ కట్టిన లెక్కకు 0.84 వచ్చినది. వార్తలలో ఇది నూటికి డెబ్బదియొక్కపాళ్లు సరిగ చెప్పుటగ మాఱినది. ఆ సంఖ్యకు అర్థమది గాదు. కొట్టుటకు ముందటి ఘడియ నొకదానిని, కొట్టని ఘడియ నొకదానిని తెచ్చి, ఏది ఏదో చెప్పుమన్నచో నూటికి డెబ్బదియొకమాఱు సరిగ ఎంచునని దాని అర్థము. బొమ్మా బొరుసా వేసినను ఏబదిమాఱులు సరిపడును. ఇంట దినమంతయు ఘడియలు ఇట్లు జంటలు జంటలుగ రావు. కొట్టని ఘడియలు వందలు, కొట్టునవి ఒకటి రెండు. అట్టిచోట ఈమాత్రపు నేర్పుగల కావలివాడు దొంగ వచ్చినపుడు ఒకమాఱు కేకవేయుటకై, ఎవరును రానపుడు పలుమాఱులు కేకవేయును.

దానికంటె ముఖ్యమైన మాట: ఆ అధ్యయనము ముందుగ చెప్పినది దెబ్బను. కొట్టుట కంటికి కనబడు క్రియ. దానిని లెక్కించుటకు నర్సు చాలును. ఏల కొట్టెనను ప్రశ్నను ఆ అధ్యయనము తాకలేదు, తాకితినని చెప్పుకొననులేదు. దానిని ఉద్వేగములను చదివిన విద్యగ ఊరేగించుచున్నది అంగడివారు. మాటలేని బాలునికి దవడపన్ను పుచ్చి పోటు పెట్టుచున్నదనుకొందము. గుండె వేగిరపడును, చెమటపట్టును, దగ్గఱకు వచ్చినవారిని త్రోయును. గడియారము ఎఱ్ఱబడును. 'కోపము పెరుగుచున్నది, ప్రశాంతమైన గదికి తీసికొనిపొండు' అని సలహా వచ్చును. వారము తరువాత డాక్టరు ఆ వారపు గ్రాఫు చూచి చిరాకు మందు మోతాదు పెంచును. పన్ను అట్లే యుండును. 'నోరు తెఱువు నాన్నా' అని టార్చిలైటు వేసి చూచియుండవలసిన మనుష్యుడు, కోపమను పేరు ముందే దొరకుటచేత, చూడడు. పేరు తెలియనపుడు వెదకుదుము. తప్పు పేరు తెలిసినపుడు వెదకుట మానుదుము. నా ముఖ్యమైన ఆక్షేపము ఇదియే. తక్కినవానినెల్ల ఎవరైన ఖండించినను దీనిని విడువను.

6. ముద్దాయికి గల హక్కు

గుండె, చెమట, ఊపిరి కొలిచి లోపలి సంగతి రాబట్టుట పోలీసులకు నూఱేండ్లుగ తెలిసిన విద్య. దానికి వారు పెట్టిన పేరు పాలిగ్రాఫు. రక్తపు ఒత్తిడినిబట్టి అబద్ధమును పట్టవచ్చునని చెప్పిన విలియం మార్‌స్టన్ పరీక్షను అమెరికా న్యాయస్థానము 1923లో సాక్ష్యముగ స్వీకరింప నిరాకరించినది. (ఆ మార్‌స్టనే పిమ్మట వండర్ వుమన్ అను బొమ్మల కథను సృష్టించి, కట్టినవారిచేత నిజము పలికించు త్రాటిని ఆమె చేతికిచ్చెను. విజ్ఞానముగ చెల్లని సరకు బొమ్మల కథలో చక్కగ చెల్లినది.) మన సుప్రీంకోర్టు 2010 మే 5న సెల్వి కేసులో, నిందితుని సమ్మతి లేక పాలిగ్రాఫు, నార్కో, మెదడు పరీక్షలు చేయరాదని, అది రాజ్యాంగమిచ్చిన మౌనహక్కునకు, వ్యక్తి స్వేచ్ఛకు భంగమని తీర్పు చెప్పినది. హత్యానేరము మోపబడినవానికి గల ఆ రక్షణ, ఏ నేరమును చేయని తొమ్మిదేండ్ల బాలునికి లేదు. వాని నాడి దినమంతయు వాగుచునే యుండవలెను, దానిని తల్లి, టీచరు, థెరపిస్టు, కంపెనీవాడు చదువుచునే యుండవలెను.

ఐరోపా సమాఖ్యవారు 2024లో చేసిన కృత్రిమ మేధ చట్టము, పాఠశాలలలోను పనిచోట్లను దేహచిహ్నములనుండి ఉద్వేగములను ఊహించు యంత్రములను నిషేధించినది. 2025 ఫిబ్రవరి 2నుండి అది అమలులో కలదు. వైద్యమునకును భద్రతకును మినహాయింపు ఉంచిరి. ఆటిజము గల బాలుని విషయమున ప్రతి పనియు వైద్యమనియే చెప్పబడును, కనుక తక్కిన పిల్లలకు మూసిన తలుపు వానికి మాత్రము తెఱచియే యుండును. మనదేశమున 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, పదునెనిమిదేండ్లలోపువారి ప్రవర్తనను వెంటాడి నమోదుచేయుటను నిషేధించుచునే, కొందఱికి మినహాయింపు నిచ్చుటకు ప్రభుత్వమునకు అధికార ముంచినది. ఆ మినహాయింపు ఎవరికి, ఎంతవఱకు అని అడుగవలసినవారు తల్లిదండ్రులు. వారు గడియారము పెట్టె విప్పుచున్నపుడు 'ఐ అగ్రీ' నొక్కి ముందుకు పోవుచున్నారు.

7. కొలువదలచినచో

కొలుచుట పాపమని నేననలేదు. మూర్ఛకు పట్టీ కట్టుడు, అది ప్రాణము కాపాడును. పెద్దవాడై, తన గుండె ఎప్పుడు వేగిరపడుచున్నదో తానే చూచుకొనగోరిన యువకుడు కట్టుకొననిండు; విప్పు అధికారము వానిదే కావలెను. అంతకు మించి కొలువదలచినచో పిల్లవానికి బదులు గదిని కొలువుడు. ఫోనులోని డెసిబెల్ మీటరును వంటింట మిక్సీ తిరుగునపుడు, కుక్కరు ఈలవేయునపుడు, కల్యాణమండపమున బ్యాండు మ్రోగునపుడు పెట్టి చూడుడు. ట్యూబులైటు మినుకుమినుకుమనుట చూడుడు. బడి గదిలో ఎందఱు పిల్లలను కుక్కిరో లెక్కింపుడు. ఆ లెక్కలలో సందేహమునకు తావు లేదు, వానిని సరిచేయుట కష్టమును కాదు. గడియారమునకు పెట్టు సొమ్మును బొమ్మల కార్డులకో, చెన్నైలో పుట్టిన ఆవాజ్ వంటి బొమ్మల యాప్‌నకో, స్పీచ్ థెరపీకో పెట్టుడు. 'వద్దు', 'ఇంకా', 'నొప్పి' అను మూడు బొమ్మలను చూపుట నేర్చిన పిల్లవాడు ఏ గ్రాఫును చెప్పలేనిది చెప్పును. సికిందరాబాదులోని జాతీయ సంస్థలో రూపొంది దేశమంతట వాడుకలోనున్న ఆటిజము కొలబద్దలో 40 అంశములు కలవు. ఉద్వేగములను గూర్చినదియు అందొక భాగమే. ఆ కొలబద్దకు బ్యాటరీ అక్కఱలేదు. ఒక మనుష్యుడు పిల్లవానియెదుట కూర్చుండి వానిని చూడవలెను, తల్లిని అడిగి వినవలెను.

ఇంతయు చదివియు కొనదలచిన తల్లిదండ్రులకు ఒక మనవి. అమ్మువానిని మూడు ప్రశ్నలడుగుడు. మా వాని గీతకు భయమనియో కోపమనియో పేరు పెట్టుట మీ యంత్రమునకు నేర్పినదెవరు, వారు దేనిని చూచి నేర్పిరి? మా వానివలె మాటలాడని పిల్లలు ఎందఱిమీద దీనిని పరీక్షించిరి, అందు ఎన్నిమాఱులు తప్పినది? మా వాని నాడి లెక్కలు ఎవరియొద్ద, ఎన్నేండ్లు ఉండును? ఈ మూడింటికిని వ్రాతమూలకముగ సమాధానము రానియెడల కొనకుడు. ఇదివఱకే కొనియున్నచో, పిల్లవాడు దానిని విప్పి విసరికొట్టిన నాడు మరల కట్టకుడు.